గాలిలో పదకొండు గంటలు

వాళ్ళ పరిచయమే పోట్లాటతో మొదలైంది. విమానం ఆలస్యమైందని ఆమె కౌంటర్ దగ్గర నిలదీస్తుంటే, సిబ్బంది పక్క గదిలో ఉన్న అతన్ని పిలిచి ముందుకు తోశారు. విమానాలు ఏ దారిన వెళ్ళాలో, ఎంతసేపు పడుతుందో లెక్క వేసే ఉద్యోగం అతనిది. ఎదురుగాలి గురించి ఓపిగ్గా చెప్పాడు.

"గాలి వేస్తే బట్టలు త్వరగా ఆరతాయి గానీ, విమానాలు లేటవుతాయా?" అంది ఆమె. కుట్టుపని నేర్పే టీచరమ్మ మరి. అతనికి నవ్వాగలేదు, ఆమెకు కోపం ఆగలేదు. ఆమె విమానం ఎక్కేలోపు ఫోన్ నంబర్లు మాత్రం చేతులు మారాయి.

తర్వాత ప్రేమంతా ఫోన్లోనే. వాళ్ళ ఊళ్ళ మధ్య తొమ్మిది వేల కిలోమీటర్లు. ఆమె అతనికి 'దూరాల మాస్టారు' అని పేరు పెట్టింది. పెళ్ళి మాట వచ్చినప్పుడు ఒక్కటే కోరింది. అమ్మా నాన్నా తానే అయి పెంచిన అమ్మమ్మ అతన్ని కళ్ళారా చూసి సరే అనాలి. అతను ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటూ నెలలు దొర్లించాడు.

ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది. అమ్మమ్మ ఆస్పత్రిలో ఉంది, డాక్టర్లు పెదవి విరిచారు.

"ఎంతసేపట్లో వస్తావ్?"

"పదకొండు గంటలు."

ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన లెక్క అది. విమానం నేల విడిచింది మొదలు మళ్ళీ నేల తాకేదాకా. సీటు దొరకాలని, ఎయిర్‌పోర్టు చేరాలని, దిగాక క్యూలో నిలబడాలని, అక్కడి నుంచి మళ్ళీ రోడ్డెక్కాలని అందులో లేదు. ఎన్ని విమానాలకో లెక్క కట్టినవాడికి, విమానం ఎక్కే మనిషి గుర్తు రాలేదు. సాయంత్రం దాకా సీటు లేదని తెలిసింది. ఆ మాట చెబుదామని ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు.

మర్నాడు అతను చేరేసరికి ఆమె ఆస్పత్రి వరండాలో బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. అడగక్కర్లేకపోయింది.

"రాత్రికల్లా వచ్చేస్తాడని అమ్మమ్మకి చెప్పాను" అంది, అతని వైపు చూడకుండా. "అయితే నొప్పికి మందు వద్దు, నిద్ర పట్టేస్తుంది, అబ్బాయిని చూడాలి అంది. తల దువ్వించుకుంది. నొప్పి ఓర్చుకుంటూ తలుపు వైపే చూసింది."

అతను ఎదురుగాలి గురించి ఏదో చెప్పబోయి ఆ మాట మింగేశాడు.

"తప్పు నాదే. విమానం సంగతి చెప్పాను, నేనెప్పుడొస్తానో చెప్పలేదు."

"అమ్మమ్మ నిన్ను చూసి సరే అనాలన్నాను. ఇప్పుడెవరంటారు?"

ఆ ముసలావిడ ముఖం కూడా తనకు సరిగ్గా తెలియదని అతనికి అప్పుడు తట్టి, నిలుచున్నచోటే ఏడ్చేశాడు.

"నాకు కొంత టైమ్ కావాలి" అంది ఆమె. "ఎన్ని గంటలని మాత్రం అడక్కు."

అతను అడగలేదు. ఆమె కాస్త పక్కకు జరిగితే, వచ్చి కూర్చున్నాడు.