చలి కాచుకోవడానికొచ్చిన మనిషి

మా తమ్ముడు పెంచలయ్యకి సముద్రమంటే కంట్లో ఇసుక, చెప్పుల్లో ఇసుక, అన్నంలో ఇసుక. ఆ సాయంత్రం సరుగుడు తోపు పక్కన ఆటో ఆపినప్పటి నుంచి వాడి సణుగుడు ఆగలేదు.

"కొడవలూరులో మన మిద్దె లేదా అక్కా? ఈ గుడారమేదో ఆడ ఏసుకోగూడదా?"

"మిద్దె మీదేస్తే పక్కింటోళ్ళ టీవీ చూస్తా కూర్చుంటావు. ఆ గుంజలు దించు."

దించాడు. నోరే గానీ మనిషి వెన్న. నా కూతురు వెన్నెల మేకుల సంచి ఈడ్చుకుంటూ ముందు పరిగెత్తింది. దానికి ఆరేళ్ళు. ఏడాదిగా అది నన్ను అడిగింది ఒక్కటే. నాన్న చేసిన పొయ్యి వెలిగించుకొని గుడారంలో పడుకోవాలని. ఇంక తప్పించుకోలేక తీసుకొచ్చాను.

దాని నాన్న నరేంద్రబాబు నాకు మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. కృష్ణపట్నంలో ఒక చిన్న షెడ్డులో వెల్డింగ్ పని చేసేవాడు. మంచు దేశంలో ఎవరో గుడారంలో కట్టెల పొయ్యి పెట్టుకొని హాయిగా పడుకోవడం ఫోన్‌లో చూశాడు. అంతే, పిచ్చి పట్టింది. "నెల్లూరులో ఉక్కకి చస్తా ఉంటే నీకు పొయ్యి కావాల్నా?" అని ఎకసెక్కం చేశాను. "కార్తీకంలో సముద్రం గాలి తగిలితే అప్పుడు చెప్పు," అన్నాడు.

రేకు కోసి ట్రంకుపెట్టెలో సగమంత పొయ్యి చేశాడు. మడతపెడితే మడతపడే కాళ్ళు, ముందు చిన్న తలుపు, ఒకదాంట్లో ఒకటి దూరే పొగగొట్టం ముక్కలు, ఎత్తుకోవడానికి పైన గొలుసు. గొట్టంలో పొగని తగ్గించడానికి, పెంచడానికి ఒక పిడి. గొట్టం బయటికి పోవడానికి గుడారానికి నడుమ బొక్క ఉన్న రేకు బిళ్ళ కుట్టించాడు. అన్నీ చేసి నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "లోపల నిప్పున్నంతసేపూ గుడారం జిప్పు జానెడు తెరిచి ఉంచాల. మూసినావా, విషగాలి కంటికి కనపడకుండానే పానం తీస్తాది. పండుకునే ముందు ఆర్పేయాల."

ఆ పొయ్యి వెలిగించే యోగం ఆయనకి లేకపోయింది. ఆ కార్తీకంలోనే ఒక స్నేహితుడి పడవెక్కి సరదాగా సముద్రం మీదికి పోయాడు. గాలివాన వచ్చింది. స్నేహితుడు ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. పడవ చెక్కలు కూడా ఒడ్డు చేరాయి. బావ చేరలేదు.

ఎదురుచూసి, వెతికించి, చివరికి దర్భలతో బొమ్మ చేసి, దానికి ఆయన పంచె చుట్టి దహనం చేశారు. కొడుకుల్లేరు, అన్నదమ్ముల్లేరు. పెంచలయ్యే నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచాడు. నేను లోపల ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాను. తర్వాత రోజుల్లో నన్ను తొలిచేసింది ఒకటే. మంట గడ్డిబొమ్మకి అంటింది. కట్టెల మీద కాలాల్సిన మనిషి నీళ్ళలోనే ఉండిపోయాడు. అక్కడ ఎంత చలో.

సరుగుడు తోపు పక్కన గుడారం లేచింది. గాలికి అగ్గిపుల్ల నిలవడం లేదు. ఒకటి గీస్తే ఒకటి ఆరిపోతోంది. తెలివైనదాన్ని కదా, పొయ్యిని ఆటో చాటుకి తీసుకుపోయి కొబ్బరి పీచు, ఎండు సరుగుడు పుల్లలు వేసి అంటించాను. బాగా రాజుకున్నాక గొలుసు పట్టి ఎత్తుకొని గుడారం వైపు నడిచాను. వెనక వెన్నెల, దాని వెనక చాప పట్టుకొని పెంచలయ్య.

సగం దూరం వచ్చాక వాడి అడుగుల చప్పుడు ఆగింది.

"అక్కా... దించు."

"చెయ్యి కాలతా ఉంది. పోయినాక దించుతా."

"అట్టా నిప్పు ఏలాడేసుకొని ముందర నడవబాక. నేను ఆ రోజు అట్టనే నడిచినా. నిప్పు ముందర పోతే ఎనకాల ఎవరొస్తారో నీకు తెలవదా?"

"నువ్వొస్తుండావుగా," అన్నాను. గుడారం నాలుగు బారల దూరంలో ఉంది. అంత దూరం వచ్చి దించడమేంటని అలాగే నడిచాను. వాడు చాప అక్కడ పడేసి, "పక్కూళ్ళో అన్నం, చేపల పులుసు పార్సిల్ తెస్తా. నేనొచ్చే తలికి అది ఆర్పేసి ఉండాల," అని ఆటో తీసుకొని పోయాడు.

పొద్దు గూకింది. సన్నగా తుంపర మొదలైంది. చాప పరిచి, గొట్టం తగిలించి, జిప్పు జానెడు తెరిచి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టాను. గుడారం గుడ్డ మీద చినుకుల చప్పుడు, లోపల ఎర్రటి వెలుగు, సరుగుడు పొగ వాసన. బావ చెప్పింది నిజమే. ఆ గాలిలో ఆ వెచ్చదనం ఎంత బాగుందో చెప్పలేను. వెన్నెల దుప్పటి కప్పుకొని కాళ్ళు ఊపుతూ కూర్చుంది.

"మా, నాన్న ఇది ఎవురికోసం చేసినాడు?"

"నీకోసమే."

"మరి నాన్న యాడ పండుకుంటాడు?"

పాలు గ్లాసులో పోసి ఇచ్చాను. అప్పుడే జిప్పు జారిన చప్పుడు వినిపించింది. చూస్తే మొత్తం మూసుకొని ఉంది. గాలికి అనుకున్నాను. మళ్ళీ జానెడు తెరిచాను.

కట్టెపుల్ల వేసి తిరిగి చూసేసరికి మళ్ళీ మూసుకుంది.

గాలికి జిప్పు కిందికి జారుతుందా... జారుతుందేమో. మూడోసారి తెరిచి, సందులో నా చెప్పు ఇరికించాను. వాసన మారింది. పొగ వాసన మీదుగా తడిగుడ్డ వాసన. పాత బురద వాసన. పొయ్యికి అవతల, చాప లేనిచోట, ఇసుక నల్లగా తడుస్తోంది. పైన గుడారానికి చిల్లు లేదు. అయినా తడుస్తోంది.

నా కళ్ళెదుటే గొట్టం పిడి అడ్డంగా తిరిగి పొగ దారి మూసింది. ఎవరూ ముట్టుకోలేదు. సందులో ఇరికించిన చెప్పు బయటికి పోయింది. జిప్పు మెల్లగా... ఒక్కొక్క పన్నూ వినపడేటంత మెల్లగా... మూసుకుంది.

"ధనా..."

నీళ్ళు నిండిన గొంతు. అయినా నాకు తెలియదా ఆ గొంతు?

"బావా?"

"చలేస్తా ఉండాదే..."

భయపడాలి కదా. అబద్ధం ఎందుకు, నాకు సంతోషమేసింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మనిషి కనపడలేదు. పొయ్యి వెలుగు అవతలి వైపు మనిషంత మేర పడడం లేదు, అంతే. చేతికందిన పుల్లలన్నీ పొయ్యిలో కుక్కాను.

"కూర్చో బావా. దగ్గరికి రా. యాడుంటివి ఇన్నాళ్ళు?"

"నిప్పు కనపళ్ళా... ఈ పొద్దు కనపడింది. నీ ఎనకాలే వచ్చినా."

తల దిమ్ముగా ఉంది. కణతలు కొట్టుకుంటున్నాయి. పట్టించుకోలేదు. ఆయన చలి కాచుకుంటుంటే చూస్తూ అలాగే ఉండిపోవాలనిపించింది. ఇంటికి పోవద్దు, తెల్లారొద్దు...

గ్లాసు పడిన చప్పుడైంది.

వెన్నెల పక్కకి ఒరిగిపోయి ఉంది. పాలు దుప్పటి మీదంతా ఒలికాయి. పిలిచాను. పలకలేదు. కుదిపాను. తల వేలాడిపోయింది.

"బావా... జిప్పు తియ్యి. జానెడు తెరిచి ఉంచాలని నువ్వే గదా చెప్పినావు?"

"చలేస్తా ఉండాదే..."

"పిల్ల బావా. మన వెన్నెల. ఊపిరాడ్డం లేదు."

పిల్ల తల ఎత్తి ఆయన వైపు చూపించాను.

"నా పక్కన పండబెట్టు ధనా... పిల్ల ఎచ్చగా ఉండాది."

అప్పుడు తెలిసింది నాకు. వచ్చింది మా బావే. కానీ పాఠం చెప్పిన బావ, కూతురి కోసం రేకు కోసిన బావ నీళ్ళలోనే మిగిలిపోయాడు. ఆయనలో మిగిలి వచ్చింది చలి ఒక్కటే.

జిప్పు లాగాను. రాలేదు. అవతల ఎవరో గట్టిగా పట్టుకున్నట్టే ఉంది. గోళ్ళు విరిగాయి. వెన్నెల పెదాలు చూశాను. ఇంక ఆలోచించలేదు. పొయ్యి తలుపు తీసి, రెండు చేతులా ఇసుక తీసి మంట మీద పోశాను.

"ఒద్దే..."

మళ్ళీ పోశాను.

"ధనా... ఒద్దే ధనా... ఇప్పుడే గదా వచ్చినా..."

కోపంగా అన్నా బాగుండేది. బతిమాలుతున్నాడు. బతికున్నప్పుడు నన్ను ఏదీ అంతగా అడగని మనిషి. నేను గట్టిగా ఏడుస్తూ ఇసుక పోస్తూనే ఉన్నాను. ఎర్రదనం ముద్ద ముద్దగా ఆరిపోయింది. చీకటి. చీకట్లో వణుకుతున్న పళ్ళ చప్పుడు... కొంచెం దూరంగా... ఇంకొంచెం దూరంగా...

జిప్పు దానంతటదే వదులైంది. పిల్లని భుజాన వేసుకొని తుంపరలోకి పడ్డాను. చన్నీటి చినుకులు మొహాన పడ్డాక అది దగ్గింది. తర్వాత ఏడ్చింది. అప్పుడే వచ్చిన పెంచలయ్య చేతిలో పార్సిల్ కవరు అక్కడే పడేశాడు. మమ్మల్ని ఆటోలో వేసుకొని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆక్సిజన్ పెట్టారు. పిల్ల దక్కిందన్నారు.

ఆ మాట విన్నాక వరండాలో కూలబడి బావ కోసం ఏడ్చాను. పోయినప్పుడు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాను. నా చేతుల్తో ఆయన్ని మళ్ళీ ఆ నీళ్ళలోకి పంపించాను. తప్పని అనను. మళ్ళీ అదే జరిగితే మళ్ళీ ఇసుకే పోస్తాను. కానీ ఆ "ఒద్దే" అనే మాట చెవుల్లోంచి పోదు.

పెంచలయ్య పోయి గుడారం, పొయ్యి తెచ్చి పాత ఇనుము వాడికి తూకానికి వేసేశాడు. వెన్నెల బడికి పోతోంది. ఆడుకుంటోంది. ఒక్కటే తేడా. దాని ఎడమచెయ్యి ఎప్పుడూ చల్లగా ఉంటుంది. మణికట్టు దాకానే. డాక్టరు నరాలు చూసి, ఏమీ లేదు, బలానికి మాత్రలు వాడమన్నాడు.

మొన్న వాన పడిన సాయంత్రం వంటింట్లో గ్యాస్ పొయ్యి సన్నగా పెట్టి, దాని చెయ్యి పట్టుకొని మంటకి కాస్త దూరంగా కాచాను. అది నా మొహంలోకి చూసి నవ్వింది.

"నాది కాదు మా. నాన్నది కాచు."

నాబ్ కట్టేయాలి. కట్టేయాలనే అనుకున్నాను... ఒక్క నిమిషమే కదా, ఎవరికి నష్టం? పాప చేతిని నా వైపు లాక్కొని, మంట దగ్గర కాస్త చోటు వదిలాను.

మంట వంగింది. ఎక్కడి నుంచో ఒక నీటిబొట్టు బర్నర్ మీద పడి చుయ్యిమంది. తర్వాత ఇంకోటి.

పొద్దున లేచి చూస్తే బర్నర్ చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకొని ఉంది. వెన్నెల చెయ్యి మోచేతి దాకా చల్లబడింది.