వేడికి నిలిచిన పొర

సత్యప్రియ తెచ్చిన పొరను నరేన్ మొదటిరోజే తిరగ్గొట్టాడు.

కోయంబత్తూరు శివార్లలోని పోదనూరు దగ్గర చిప్‌లు ప్యాక్ చేసే కంపెనీలో అతను టెస్టింగ్ ఇంజనీరు. ఆమె తేని పక్క పల్లెలో పత్తి పండించే చెల్లప్ప కూతురు. కోయంబత్తూరులో పాలిమర్ల మీద పరిశోధన చేసి, చిప్ లోపలి సన్నని రాగి గీతల మధ్య కరెంటు ఒకదాని నుంచి ఇంకొకదానికి దూకకుండా ఆపే పొరను తయారుచేసింది. అలాంటిదాన్ని ఆ కంపెనీ ఇన్నాళ్లూ విదేశాల నుంచే తెప్పించుకుంటోంది.

వేడికి తట్టుకుంటుందో లేదో చూడటానికి ఓవెన్‌లో పెట్టి తీసేసరికి పొర అంచులు పైకి లేచాయి. నరేన్ ఇంగ్లీషులో రిజెక్టెడ్ అన్నాడు. ఇక్కడెవరికి అర్థమవుతుందిలే అనుకుని ఆమె తెలుగులో గొణుక్కుంది.

"వాళ్ళమ్మ పోసిన దోశెను కూడా రిజెక్టే చేస్తాడేమో."

నరేన్ తల ఎత్తలేదు. "దోశెకు అంచు లేస్తే మంచిదే అండి. దీనికే లేవకూడదు."

సత్యప్రియ ముఖం కందిపోయింది. అతని ఇంట్లోనూ తరతరాలుగా తెలుగే. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో, ఎవరి తెలుగులో తమిళం ఎక్కువో తేల్చుకోవడానికి ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. తర్వాత వానలో, ఒకే గొడుగు కింద, గాంధీపురం బస్సు కోసం నిలబడ్డారు. బస్సు రానందుకు ఇద్దరిలో ఎవరూ విసుక్కోలేదు.

రెండోసారీ పొర లేచింది. మూడోసారి కూడా అంతే అయితే ప్రాజెక్టు ఆపేస్తామని పైవాళ్లు చెప్పేశారు. నరేన్‌కు మనసు ఆగలేదు. ఓవెన్ వేడి కొంచెం తగ్గిస్తానని, ఎవరికీ తెలియదని ఫోన్‌లో సత్యప్రియతో అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు.

"నా మీద ఇష్టముంటే అది మాత్రం వేండాం, వద్దు. రేపు ఈ చిప్ ఆస్పత్రి మిషన్లో ఉంటాది. అక్కడ వేడి తగ్గించేదానికి నువ్వు ఉంటావా?"

నరేన్ సిగ్గుపడ్డాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఇలాంటి మనిషి తనకు తెలుసన్న గర్వమే మిగిలింది.

సత్యప్రియ మళ్లీ మొదటినుంచి వెతికింది. వానాకాలపు తేమ చిప్‌కు ఆధారమైన సిలికాన్ బిళ్ల మీద పట్టి, పొర అతుక్కోకుండా చేస్తోందని తేల్చింది. బిళ్లను ముందుగా బాగా వేడిచేసి ఆరబెట్టి, ఆపైన పొర పూసింది. పరీక్షరోజు నరేన్ వేడిని ఒక్క పిసరు కూడా తగ్గించలేదు. మైక్రోస్కోప్‌లో అంచంతా చూశాడు. ఎక్కడా లేవలేదు. పాస్ అని రాసి సంతకం పెట్టాడు.

కూతురు చేసింది చూడాలని చెల్లప్ప తేని నుంచి వచ్చాడు. కంటికి కనిపించీ కనిపించని ఆ పొర ఎందుకో నరేన్ ఓపిగ్గా చెప్పాడు. చెప్పి, సత్యప్రియను పెళ్లి చేసుకోవాలని ఉందని కూడా అక్కడే అడిగేశాడు.

చెల్లప్ప కూతురి వైపు చూశాడు.

"నాకూ ఇష్టమే నాయనా," అంది సత్యప్రియ. "నా పనికి నేనిచ్చేంత మర్యాద ఇచ్చినాడు."

పెద్దాయన తువ్వాలు సర్దుకుని, నరేన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ ఇంట్లో పెద్దోళ్ళు ఏ దినం ఉంటారు తంబీ? మేము వస్తాము."