పిలుపు మలుపు

సముద్రం అంచునే పోయే ఆ రోడ్డు గురించి ఎవరిని కదిలించినా గంటసేపు చెబుతారు. ఒకపక్క కొండ, ఒకపక్క నీళ్లు, మధ్యలో ఎవరో పారేసుకున్న రిబ్బనులా రోడ్డు. కానీ చెబుతూ చెబుతూ ఒకచోటికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు... "ఆ మలుపు మాత్రం రాత్రిపూట వద్దు."

దానికి పిలుపు మలుపని పేరు. కొండ అక్కడ ముక్కులా ముందుకు పొడుచుకొచ్చింది. రోడ్డు ఆ ముక్కు చుట్టూ తిరిగి పోతుంది. ఒక్క బండికే దారి. అవతల ఏముందో ఇవతలికి కనబడదు. రాత్రిపూట అక్కడ హారన్ వినిపిస్తుందట. బండి మాత్రం రాదట. ఆ హారన్ విని ముందుకు వెళ్లినవాళ్లు...

ఆ మాట మాత్రం ఎవరూ పూర్తి చేయరు.

ఆ రాత్రి నేను కారులో లేను. జ్వరంతో మంచం మీద ఉన్నాను, అమ్మ నా కోసం ఉండిపోయింది. మర్నాడు అక్క నా పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి చల్లగా ఉంది. జ్వరం నాదైనా వణుకు దానిదే అనుకున్నాను.

అసలు ఈ ప్రయాణమంతా అమ్మమ్మ కోసం.

మా తాతయ్య ఆ రోడ్డు మీద ఇరవై రెండేళ్లు బస్సు నడిపాడు. రోజూ ఇంటికి రాగానే చొక్కా అయినా విప్పకుండా సముద్రం గురించి చెప్పేవాడట. ఇవాళ ఆకుపచ్చగా ఉందనీ, ఇవాళ అలిగిందనీ... అమ్మమ్మ వింటూ ఉండిపోతే పొయ్యి మీద గిన్నె మాడిపోయేదట. "నన్నూ తీసుకెళ్లు" అంటే "ఈ ఆదివారం" అనేవాడు. ఇరవై రెండేళ్లలో ఆ ఆదివారం రాలేదు. పదకొండేళ్ల కిందట ఒక సాయంత్రం, సొంత మంచం మీదే, నిద్రలోనే పోయాడు.

ఇప్పుడు అమ్మమ్మ చూపు పోతోంది. ఎండ పడితే కళ్ల ముందు పాలు ఒలికినట్టు అంతా తెలుపు. చీకట్లో ఎలాగూ ఏమీ లేదు. తెల్లవారుతున్నప్పుడు, ఎండ ఇంకా ముదరకముందు, ఒక్క అరగంట మాత్రం రంగులూ ఆకారాలూ తెలుస్తాయి. డాక్టరు అక్కని పక్కకి పిలిచి, "చూపించాల్సింది ఏమైనా ఉంటే ఈ నెలలోనే చూపించెయ్యండమ్మా" అన్నాడు.

అమ్మమ్మని అడిగితే ఆలోచించకుండా చెప్పింది. "సముద్రం."

మా అక్క పనిచేసేది ఫోటోస్టాట్ కొట్లో. అది ఏ పని తలపెట్టినా ముందు ఒక కాగితం తయారవుతుంది, తర్వాత దానికి ప్లాస్టిక్ కోటింగు పడుతుంది. పచారీ సామాన్ల జాబితాకి కూడా వేసిందని మా బావ అందరికీ చెప్పుకుని నవ్వుతాడు. ఆయన ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఆయన నవ్వే పెద్ద ఫ్యాను, ఆగమన్నా ఆగదు.

భోజనాల బల్ల మీద అక్క కాగితం పరిచింది. రాత్రి రెండింటికి బయల్దేరడం. నాలుగున్నరకి మలుపు. అయిదుంపావుకి అవతల బండరాళ్ల దగ్గర, కటకటాలు కట్టిన చోట. అయిదు నలభైకి తెల్లవారడం.

"రెండింటికా? ఆ వేళకి దొంగలు కూడా పడుకుంటారే!" అన్నాడు బావ.

"ఎండెక్కాక వెళ్తే అమ్మమ్మకి సముద్రమూ మీ బట్టతలా ఒక్కలాగే కనిపిస్తాయి. దానికి అంతదూరం ఎందుకు?"

"మరి ఆ మలుపు..."

"దానికీ రాశాను" అంది అక్క.

తాతయ్యతో పనిచేసిన ముసలి కండక్టరుకి అది కొట్లోంచి ఫోన్ చేసింది. ఒక చేత్తో మిషన్లో ఇరుక్కున్న కాగితం లాగుతూ, ఒక చేత్తో రాసుకుంది. ఆ మలుపు దగ్గర డ్రైవర్లకి ఒక పద్ధతి ఉందట. ముందు ఆగి మూడు పొట్టి హారన్లు కొట్టాలి. జవాబు రాకపోతే దారి ఖాళీ, వెళ్లిపోవచ్చు. జవాబుగా ఒక పొడుగు హారన్ వస్తే, 'నేను వస్తున్నాను, నువ్వు ఆగు' అని. అప్పుడు ఇంజను ఆపి, ఎదుటివాడి కళ్లలో పడకుండా లైట్లు ఆర్పేసి, అతను దాటేదాకా ఉండాలి.

అలాగే రాసింది. కోటింగు వేసింది. కారులో అద్దం కింద పెట్టింది.

నాలుగున్నరకి మలుపు దగ్గరికి చేరారు.

చంద్రుడు లేడు. కింద ఎక్కడో నీళ్లు రాళ్లని నాకుతున్న చప్పుడు. కుడిపక్క మోకాలెత్తు గోడ, అదీ అక్కడక్కడా పడిపోయింది. వెనక సీట్లో అమ్మమ్మ చెవుల మీదుగా శాలువా కప్పుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది.

బావ కారు ఆపి కొట్టాడు... పీప్. పీప్. పీప్.

ఏమీ లేదు. గేరు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వచ్చింది.

పొడుగ్గా... బొంగురుగా... కొండ లోపలినుంచి వచ్చినట్టు.

"వస్తున్నాడు" అంది అక్క. "లైట్లు ఆర్పండి."

ఆర్పేశాడు. చీకటి కారులోకి వచ్చి వాళ్ల మధ్య కూర్చుంది.

అయిదు నిమిషాలు. పది. ఏ బండీ రాలేదు. ఇంజను చప్పుడైనా లేదు.

"నిద్రపోయాడేమో" అని బావ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఆ ఫ్యాను ఆగడం అక్క అదే మొదటిసారి చూసిందట.

మళ్లీ కొట్టాడు. మూడు.

మళ్లీ అదే పొడుగు హారన్. మళ్లీ ఎవరూ రాలేదు.

"ఏవండీ... వెనక్కి పోదామా?"

"ఎలా తిప్పనే? ఇక్కడ సైకిలు కూడా తిరగదు. పైగా చుట్టు తిరిగి వెళ్తే తొమ్మిదవుతుంది."

తొమ్మిదంటే ఎండ. ఎండంటే పాలు. ఇద్దరూ వెనక్కి తిరిగి అమ్మమ్మ వైపు చూశారు. మళ్లీ ఇంతదూరం తీసుకురాగలరో లేదో. తెచ్చినా అప్పటికి ఆ కళ్లలో ఏం మిగిలి ఉంటుందో.

అయిదింటికి మూడోసారి కొట్టాడు బావ. ఈసారి హారన్ వణికింది. జవాబు కూడా ఈసారి కొంచెం వణికినట్టే వచ్చింది. ఎవరో వెక్కిరిస్తున్నట్టు.

"ఇంక కొట్టకండి" అంది అక్క గుసగుసగా. "మన హారన్ని అది నేర్చుకుంటోంది."

అలాగే కూర్చున్నారు. అద్దాల మీద ఆవిరి పట్టింది. అక్క ఒళ్లో కాగితం చెమటకి జారిపోతోంది.

పావుగంట గడిచింది. వీళ్లు కొట్టలేదు. అటూ నిశ్శబ్దమే.

అంతలో...

ఎవరూ పిలవకుండానే వచ్చింది నాలుగో హారన్.

అంతకుముందువాటిలా లేదది. మెత్తగా ఉంది, దగ్గరగా ఉంది. పొద్దుపోయి ఇంటికి వచ్చినవాడు, ఇరుగుపొరుగు లేవకుండా తలుపు తట్టినట్టు. బావ అక్క చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లైన కొత్తలో తప్ప అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదట. ఆ మాట చెబుతూ అక్క కొంచెం సిగ్గుపడింది కూడా.

వెనకనుంచి గొంతు వచ్చింది.

"రమ్మంటుంటే కూర్చుంటారేం?"

అమ్మమ్మ. నిద్రమత్తు లేదు గొంతులో. శాలువా చెవుల మీంచి జారిపోయి ఉంది.

"ఎవరు అమ్మమ్మా... ఎవరు రమ్మంటున్నారు?"

"పొడుగు హారనంటే రమ్మనేగా. మీ తాతయ్య వీధి మొగలో కొట్టేవాడు, నేను గుమ్మంలోకి వచ్చేదాన్ని."

ఇద్దరూ మళ్లీ మలుపు వైపు చూశారు. చల్లగాలి ఒకటి మెడ వెనక తగిలింది.

తలుపు తెరిచి ఉంది. వెనక సీటు ఖాళీ.

"అమ్మమ్మా!"

ఇద్దరూ దిగి పరుగెత్తారు. బావ ఫోను లైటు వేశాడు. దాని వెలుగులో కొండరాయి తప్ప ఏమీ లేదు. ముందెక్కడో, చీకట్లో, చేతికర్ర చప్పుడు... టక్... టక్... టక్... తడుముకుంటున్నట్టు లేదు. తెలిసిన ఇంట్లో నడుస్తున్నట్టు ఉంది.

"ఆగు! అటు గోడ లేదు అమ్మమ్మా, ఆగు!"

టక్... టక్...

ఆగిపోయింది.

ఆ క్షణంలో అక్క చెవుల్లో కింద నీళ్ల చప్పుడు ఒక్కటే మిగిలిందట.

కొండ ముక్కు తిరిగారు.

రోడ్డు వారగా తెల్లగా, ఎత్తుగా ఏదో నిలబడి ఉంది. లైట్లు లేవు. చప్పుడు లేదు. దాని ఒంటి నుంచి తెల్లటి పొగ సన్నగా దిగి నేల మీద పాకుతోంది. ఆ పొగలో మడమల దాకా మునిగి, దాని మొహం మీద అరచెయ్యి ఆనించి, అమ్మమ్మ నిలబడి ఉంది.

బావ లైటు పైకెత్తాడు. అద్దం వెనక ఒక మొహం...

ఆ మొహం కెవ్వున అరిచింది.

అక్క అరిచింది. బావ అందరికంటే గట్టిగా అరిచాడు. ఆ సంగతి ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

"చంపకండి! నాకు ఇద్దరు పిల్లలు!" అంది మొహం.

అది ఐసు వ్యాను. వెనక తలుపు సందుల్లోంచి చల్లటి ఆవిరి కారుతోంది. లోపల మీసాల డ్రైవరు, మెడ చుట్టూ తువ్వాలు, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

మనుషులేనని తెలుసుకోవడానికి రెండుపక్కలా కొంచెంసేపు పట్టింది.

"ఏం మనుషులండీ మీరు!" అన్నాడు డ్రైవరు, ఏడుపు దాచుకుని కోపం తెచ్చుకుంటూ. "మూడు కొడతారు, రమ్మని నేను పొడుగు కొడతాను, లైట్లార్పి దారిస్తాను. రారు! మళ్లీ మూడు కొడతారు, మళ్లీ రారు! ఇన్నేళ్లు విన్న కథ ఇవాళ నా నెత్తిన పడిందనుకున్నాను."

"పొడుగు కొడితే నువ్వు వస్తున్నావని కదా?" అన్నాడు బావ.

"ఏ ఊరి లెక్కండీ అది? పొడుగంటే 'నువ్వు రా, నేను ఆగాను' అని. చంటిపిల్లాడిని అడగండి."

బావ మెల్లగా అక్క వైపు తిరిగాడు. అక్క చేతిలో ఆ కాగితం ఇంకా ఉంది.

"కోటింగు బాగా వేశావే" అన్నాడు. "తప్పు చెక్కుచెదరకుండా ఉంది."

ముందు డ్రైవరు నవ్వాడు. తర్వాత అక్క. ఫ్యాను కూడా మళ్లీ తిరిగింది. ఇంక ఆపేవాళ్లు లేరు. భయమంతా కళ్లనీళ్లుగా కారిపోయేదాకా ముగ్గురూ వ్యాను పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వుల్లో టైము సంగతి ముందు అక్కకే గుర్తొచ్చింది. అయిదు నలభై. బండరాళ్ల దగ్గరికి ఇంక అందుకోలేరు.

"అమ్మమ్మా, పోయింది... తెల్లారిపోతోంది..."

అమ్మమ్మ ఆ మలుపు కొసన గోడ గట్టిగా ఉన్నచోట కూర్చుని ఉంది. రాత్రి భయానికి పగలు కూడా ఎవరూ ఆగని చోటది. బండరాళ్లు లేవు, కటకటాలు లేవు, చూపుకి ఏదీ అడ్డం లేదు. ఎదురుగా చీకటి నీలంగా విడుతోంది. నీలం కింద బూడిదరంగు, బూడిదరంగు కింద సన్నటి ఎరుపు గీత. ఆ గీత కింద కదులుతూ, కదులుతూ... అంతా నీళ్లే.

అమ్మమ్మ తల ఆ కొస నుంచి ఈ కొసకి నెమ్మదిగా తిప్పింది. చెంపలు తడిగా మెరుస్తున్నాయి.

"తగ్గించి చెప్పాడే" అంది. "ఇంత ఉందని చెప్పనే లేదు."

అక్క దగ్గరికి వెళ్లబోతే బావ చెయ్యి పట్టి ఆపాడు. చూసుకోనీ అన్నట్టు.

తర్వాత బావ డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "నీకు పుణ్యం ఉంటుందయ్యా" అన్నాడు. "ఆ చివర్లో నువ్వు నాలుగోసారి కొట్టబట్టి ఆమె లేచింది. లేకపోతే మేమింకా అక్కడే, ఆమె నిద్రలోనే ఉండేవాళ్లం."

డ్రైవరు మొహంలో నవ్వు అలాగే ఉండి, కళ్లు మాత్రం మారాయి.

"నాలుగోసారా?"

"అదే... మేం కొట్టకుండానే కొట్టావు చూడు."

"మీరు కొట్టకుండా నేనెందుకు కొడతాను సార్? మూడోసారికే నాకు చెమటలు పట్టాయి. బండి తాళం తీసి జేబులో వేసుకుని, తలుపులు బిగించుకుని కూర్చున్నాను." జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి బయటికి తీశాడు. "ఇది లేకుండా ఈ బండి హారన్ మోగదు."

కింద నీళ్లు ఒకసారి రాళ్లని తాకి వెనక్కి పోయాయి.

అక్క నెమ్మదిగా అమ్మమ్మ వైపు తిరిగింది.

అమ్మమ్మ వీళ్లని చూడటం లేదు. సముద్రం మీంచి చూపు తిప్పకుండానే, పక్కన ఎవరికో చోటిస్తున్నట్టు, గోడ మీద కొంచెం జరిగి కూర్చుంది.