గుసగుసల ఇంట్లో ఫ్యాన్ మోత

ప్రేమకథ మొదటి సీనులో వాన పడాలంటారు. అనంతపురంలో వాన కోసం కూర్చుంటే హీరో హీరోయిన్లకు షష్టిపూర్తి అయిపోతుంది. అందుకని ఈ కథ రెండువేల ఆరు మే నెలలో, రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటున్న ఒక మధ్యాహ్నం మొదలవుతుంది.

సప్తగిరి సర్కిల్ దగ్గర సందులో స్వామి కంప్యూటర్స్ అని ఒక చిన్న షాపు ఉంది. ఓనరు అసలు పేరు ఎర్రిస్వామి. మొదటి సగం బోర్డు మీద రాయిస్తే గిరాకీ పోతుందని రెండో సగమే రాయించాడు. మనిషి పనిమంతుడు. కంప్యూటర్ విప్పి బిగించడంలో అతని చెయ్యి పడితే తిరుగులేదని ఊళ్ళో పేరు. ఆ పేరుకే ఇప్పుడు ముప్పొచ్చింది.

లహరి లోపలికి వచ్చి, భుజం మీది బ్యాగులోంచి ఒక డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టింది. అది టిఫిన్ క్యారియరుకు అన్న, సూట్‌కేసుకు తమ్ముడు.

"మళ్ళీ ఆగిపోయినాది, అన్నా."

ఆ మాటలో స్వామిని బాధపెట్టేవి రెండున్నాయి. కంప్యూటర్ ఆగిపోవడం ఒకటి, అన్నా అనడం ఇంకొకటి. రెండోదే ఎక్కువ గుచ్చుకుంది. పాపం, ఆ పిల్ల మనసులో ఏమీ లేదు. అనంతపురంలో కౌంటర్ వెనక కూర్చున్న ప్రతివాడూ అన్నే.

లహరిది గుంతకల్లు. వాళ్ళ నాయన గంగాధరప్ప రైలు డ్రైవరు. ఇంజనీరింగ్ పరీక్షలు రాసి ఖాళీగా ఉంది కానీ, ఆ అమ్మాయికి కంప్యూటర్‌లో తుపాకీల ఆట పిచ్చి. అనంతపురంలో జూన్ మొదటి ఆదివారం పెద్ద పోటీ ఉంది. ఎవరి కంప్యూటర్ వాళ్ళే మోసుకుని రావాలి. అందుకే ఏప్రిల్‌లో స్వామిని వెతుక్కుంటూ వచ్చింది. ప్యాసింజర్ రైల్లో ఒళ్ళో పెట్టుకునేంత చిన్నది కావాలంది. ఆటలో అందరికన్నా వేగంగా ఉండాలంది. చప్పుడు మాత్రం అస్సలు రాకూడదంది. నైట్ డ్యూటీ దిగి వచ్చిన నాయన పగలంతా పడుకుంటాడట.

స్వామి ఓపిగ్గా వివరించాడు. వేగమున్న చోట వేడి ఉంటుంది. చిన్న డబ్బాలో ఆ వేడి బయటికి పోవడానికి దారుండదు. అందులో పట్టే చిన్న ఫ్యాను గాలి చాలాలంటే పిచ్చెత్తినట్టు తిరగాలి, తిరిగితే మోత. మోత లేకుండా నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాను ఆ డబ్బాలో పట్టదు.

"అవ్వా కావల్ల, బువ్వా కావల్ల అంటే ఎట్ల మేడం?"

"చేతనయితాదనే గదా గుంతకల్లు నుంచి వచ్చింది," అని లహరి అతని ముఖంలోకి చూసింది.

అక్కడితో అయిపోయింది. ఇంకెవరైనా అడిగి ఉంటే పెద్ద క్యాబినెట్ తీసుకోమని పంపేసేవాడు. ఈమె కోసం బెంగళూరు నుంచి చిన్న డబ్బా తెప్పించి, లోపలి వైర్లన్నీ జడ అల్లినట్టు ఒక పక్కకు అల్లి, ఫ్యాను వేగం తగ్గించి, చీమ నడిచినంత చప్పుడు కూడా రాకుండా చేసి ఇచ్చాడు.

షాపులో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నడిచిన ఆ కంప్యూటర్, గుంతకల్లు చేరితే మాత్రం ఆట మధ్యలో కళ్ళు మూసేది. వేడెక్కిపోతే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోవడం దాని గుణం. కానీ అంత వేడి ఎందుకెక్కుతోందో తెలియలేదు. మొదటిసారి తెచ్చినప్పుడు స్వామి చెప్పాపెట్టకుండా దాని వేగం కాస్త తగ్గించి పంపాడు. మర్నాడే తిరిగి వచ్చింది లహరి. తను తుపాకీ ఎత్తేలోపల అవతలివాడు కాల్చేసి టీ తాగి వస్తున్నాడంది. నాకు చెప్పకుండా తగ్గిస్తావా అని దులిపేసింది. స్వామి నోరెత్తకుండా వేగం మళ్ళీ పెంచి ఇచ్చాడు. ఇప్పుడు ఇది మళ్ళీ వచ్చింది.

"ఆదివారమే పోటీ. ఇంకొక్కసారి ఆగిపోతే బెంగళూరులో చేయించుకుంటా. నీ షాపు మెట్లెక్కను."

ఆ పిల్ల మళ్ళీ రాని షాపు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా అతనికి ఇష్టం లేదు. డబ్బాను ఇంటికి తీసుకుపొమ్మని, ఈసారి కంప్యూటర్‌ను కాదు, ఇంటినే చూస్తానన్నాడు.

శుక్రవారం షాపుకు తాళమేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్క్రూడ్రైవర్లు, రేకు కోసే కత్తెర, ఎందుకైనా మంచిదని ఒక పెద్ద ఫ్యాను సంచిలో వేసుకుని ప్యాసింజరెక్కాడు. పామిడి దగ్గర పెన్నలో ఇసుక తెల్లగా మెరుస్తుంటే, ఆమెతో మొదట ఏం మాట్లాడాలో మనసులో అనుకుంటూనే గుంతకల్లు చేరాడు.

రైల్వే క్వార్టర్స్‌లో తలుపు తీసిన లహరి పెదాల మీద వేలు పెట్టుకుంది. షాపులో అంత గొంతున్న పిల్ల ఇంట్లో గుసగుసలాడుతోంది. వంటింట్లో వాళ్ళమ్మ తిమ్మక్క కుక్కరు విజిల్ వేయకముందే గరిటెతో వెయిట్ పైకెత్తుతోంది. గోడ గడియారానికి గంట తీసేశారు. మజ్జిగ తాగుతావా అని ఆమె గుసగుసగా అడిగితే, తాగుతానని స్వామి కూడా గుసగుసగానే చెప్పాడు. మొగుడికి డ్రైవరు ఉద్యోగం వచ్చినప్పటినుంచి ఆ ఇంట్లో పగలు ఎవరూ గొంతెత్తలేదట. పక్కింటివాళ్ళు కూడా చక్కెర అప్పు అడగడానికి వచ్చి సైగలు చేసి పోతారట.

లహరి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆట మొదలుపెట్టింది. డబ్బా టేబుల్ కింద, పరదా వెనక ఉంది. స్వామి వెనక కుర్చీలో కూర్చుని, డబ్బాను చూడాల్సింది పోయి ఆమె జడను చూస్తున్నాడు. కాసేపటికి తిమ్మక్క మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చింది. చేతిలో పాత చీరలతో కుట్టిన బొంత ఉంది. వంగి, పరదా పక్కకు తీసి, డబ్బాకు ఆ బొంతను నిండుగా కప్పి, చంటిబిడ్డకు చేసినట్టు అంచులు కిందికి దోపింది.

స్వామి కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, ఏం చేస్తాండావు?"

"అది సన్నగా గుర్రుమంటాది గదప్పా. ఆయప్పకు మెలకువ వస్తాది. ఇట్ల కప్పితే కాసేపటికి అది గూడా నిద్రపోతాది," అంది తిమ్మక్క రహస్యంగా. అది నిద్రపోయాక, కూతురు కోప్పడుతుందని బొంత తీసి మడిచి పెడుతుందట.

హెడ్‌ఫోన్స్ తీసి సంగతి విన్న లహరి ముందు తల పట్టుకుంది. తరువాత నవ్వు పట్టలేక నోట్లో ఓణీ కుక్కుకుంది. స్వామికి కూడా నవ్వాగలేదు. చప్పుడు లేకుండా నవ్వితే కడుపులో ఎంత నొప్పి వస్తుందో అతనికి ఆ రోజే తెలిసింది.

బొంత సంగతి తేలినా కష్టం తీరలేదు. పోటీ జరిగేది రేకుల షెడ్డులో. ఆ వేడికి ఇంత నెమ్మదిగా తిరిగే ఫ్యాను చాలదు. ఉన్న వేగం ఉండాలంటే డబ్బా పైరేకు కోసి, సంచిలోని పెద్ద ఫ్యానును నెత్తిన బిగించి, ఫుల్ స్పీడులో తిప్పాలి. అది పిండి మరలాగా మోగుతుంది. ఒకసారి రేకు కోసి బిగిస్తే ఇక ఇంట్లోనూ అదే మోత. ఇద్దరూ డబ్బా ముందు నేల మీద కూర్చుని గుసగుసగా వాదించుకున్నారు. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే తలలు దగ్గరికి చేర్చక తప్పలేదు.

చివరికి లహరి, వేగమే తగ్గించెయ్యి అంది. ఆ ఫ్యాను వద్దంది. ఓడిపోతే పోతుంది కానీ నాయన నిద్ర చెడకూడదంది.

వేగం తగ్గించినందుకు తనను దులిపేసిన పిల్ల ఈమేనా అనిపించింది స్వామికి. ఇంతకాలం ఆమె అంటే ఇష్టమనుకున్నాడు. ఇష్టం కాదు, ప్రేమేనని అప్పుడు తెలిసింది.

"షాపు మూసేసి ఇంతదూరం వచ్చినావే. అందరి ఇండ్లకూ ఇట్లనే పోతావా అన్నా?" అని అడిగింది లహరి.

"లేదు. ఇది బాగయితే నీకు మా షాపుతో పనుండదు. బాగుకాకపోతే అసలే రావు. నాకు రెండు తట్లా నష్టమే. అదే చెప్పిపోదామని వచ్చినా. అన్నా అని మాత్రం అనొద్దు."

లహరి స్క్రూడ్రైవర్ తీసుకుని, ఊడని స్క్రూను ఊడదీయసాగింది. కాసేపటికి, మరేమనల్ల అంది, తలెత్తకుండా.

అంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది. భుజాన తువ్వాలుతో గంగాధరప్ప గడపలో నిలబడ్డాడు. కళ్ళలో నిద్ర ఛాయే లేదు. తిమ్మక్క కంగారుగా బొంత వెనక దాచుకుంది.

"వేరే ఊర్లో డ్యూటీ దిగి పడుకునే రన్నింగ్ రూములో కిటికీ పక్కనే ఇంజన్లు రాత్రంతా గుర్రుమంటాంటాయి. ఆడ హాయిగా నిద్రపోతా. ఈడే, ఇంట్లోనే కన్ను మూతపడదు. ఎవురో గుసగుసలాడతాంటే ఏం మాట్లాడుకుంటాండారా అని చెవి ఆడికే పోతాది," అన్నాడు ఆయన.

"ఇన్నేండ్లూ చెప్పకపోతివే," అంది తిమ్మక్క. పగటిపూట ఆ ఇంట్లో ఆమె అసలు గొంతు వినడం లహరికి అదే మొదటిసారి.

"నా కోసం నువ్వు విజిలు గూడా ఎయ్యనీకుండా కాచుకోని నిలబడుకుంటివి. వద్దని ఏ నోటితో చెప్పల్ల?"

తిమ్మక్క బొంతలో ముఖం దాచుకుని నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు. లహరికి మాత్రం కళ్ళు చెమర్చాయి.

గంగాధరప్ప స్వామి వైపు తిరిగాడు. పెద్ద ఫ్యానే బిగించమన్నాడు, ఎంత మోతయినా ఫర్వాలేదన్నాడు. స్వామి ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఆయన ఇంకా కదల్లేదు.

"ఇందాక నా కూతురితో ఏమో అంటివే. ఇంక ఈ ఇంట్లో గుసగుసలు లేవు. గట్టిగా చెప్పు."

స్వామి లేచి నిలబడ్డాడు. గట్టిగానే చెప్పాడు.

"మీ లహరిని పెండ్లి చేసుకోవాలని ఉండాది సార్."

పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఆ ఇంట్లోంచి పగటిపూట అంత గట్టిగా మాట వినపడటం ఆ క్వార్టర్స్ లైనుకే కొత్త. గంగాధరప్ప కాసేపు అతన్ని పైనుంచి కిందికి చూసి, నన్నెందుకు అడుగుతావు, దాన్నే అడుగు అన్నాడు. లహరి మాత్రం, ఆదివారం కానీ, ముందు ఇది ఆగకుండా నడవనీ అంది.

ఆదివారం రేకుల షెడ్డు లోపల నిప్పుల కుంపటిలాగా ఉంది. కూతురి ఆట చూడటానికి గంగాధరప్ప, తిమ్మక్క కూడా వచ్చారు. నెత్తిన పెద్ద ఫ్యానుతో ఆ చిన్న డబ్బాను చూసి కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వారు. స్విచ్ వేశాక దాని మోతకు నవ్వులు వినపడలేదు. మధ్యాహ్నానికి ఒకరి కంప్యూటర్ చల్లగా ఆగిపోయింది. ఇంకొకరు పక్కరేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టుకున్నారు. లహరి డబ్బా మాత్రం మోగుతూనే ఉంది. ఆమె ఒక్కొక్కరినీ ఓడించుకుంటూ ఫైనల్‌కు వెళ్ళింది. ఫైనల్‌లో వెంట్రుకవాసిలో ఓడింది.

స్వామి మెల్లగా ఆమె పక్కకు వచ్చాడు. ఆమె ఓడినందుకు బాధగా ఉంది. డబ్బా గెలిచినందుకు భయంగా ఉంది. ఇక ఆమెకు షాపుతో పని లేదు.

"ఆగలేదు గదా," అన్నాడు, డబ్బా వైపు చూపిస్తూ.

చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్న సంగతి మరిచిపోయి, తను మెల్లగానే మాట్లాడుతున్నాననుకుంది లహరి.

"ఆగలేదు. అయినా షాపుకు వస్తా, దినామూ వస్తా. మీ ఇంట్లోవాళ్ళను గుంతకల్లుకు పంపీ, స్వామీ."

షెడ్డు మొత్తం ఇటు తిరిగింది. విననివాడు ఒక్కడే. ఫ్యాను మోత పక్కనే కుర్చీలో తల వాల్చి, నోరు తెరిచి, గంగాధరప్ప గాఢంగా నిద్రపోతున్నాడు. డ్రైవరు ఉద్యోగం వచ్చిన నాటినుంచి ఆయన నిద్రను కాపాడుతూ వచ్చిన తిమ్మక్క, ఆ రోజు తానే భుజం పట్టి కుదిపి ఆయన్ని లేపింది.