హీట్‌సింక్ మార్చిన చెయ్యి

"మా ఆయన తప్పు చేయలేదండీ. ఆ మాట మా మామగారు నమ్మేలా చేయండి చాలు," అంటూ కుర్చీలో కూర్చోకముందే ఏడ్చేసింది డిటెక్టివ్ దగ్గరికి వచ్చిన ఓ ఇంటి చిన్నకోడలు.

డిటెక్టివ్ కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు, ఆ పని ఎప్పుడూ సహాయకురాలిదే. ఆమే మంచినీళ్ళిచ్చి సంగతంతా రాబట్టింది.

మామగారు పేరున్న గాయకుడు. గొంతుకు ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో చేరేముందు పెద్దకొడుకు స్టూడియోలో కడసారిగా ఒక పాట పాడాడు. పాట చివరికొచ్చేసరికి కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది. సగంలో తెగిన ఫైలు మళ్ళీ తెరుచుకోలేదు, రెండోసారి పాడే ఓపిక ఆయనకు లేదు. మర్నాడు గొంతూ పోయింది. ఆ కంప్యూటర్ బిగించింది చిన్నకొడుకు. నిందంతా అతని నెత్తిన పడింది, తండ్రి అతని ముఖం చూడటం మానేశాడు.

డిటెక్టివ్, సహాయకురాలు వెళ్ళేసరికి స్టూడియోలో తండ్రితో సహా అందరూ ఉన్నారు. పెద్దకొడుకు ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఆ తర్వాత నోరు విప్పాడు.

"ఏమనుకోకండి, అలవాటు. చప్పుడుంటే నాకు పని సాగదు. వీడేమో ప్రాసెసర్‌కి ఈ బుల్లి హీట్‌సింక్ తగిలించి చేతులు దులుపుకున్నాడు. అది వేడిని ఏం లాగుతుంది?"

"నేను పెట్టింది ఇది కాదన్నయ్యా," అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. "నీ పనికి చప్పుడు పనికిరాదనే ఎత్తయిన హీట్‌సింక్, పెద్ద ఫ్యాన్ ఎంచాను. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా చాలినంత గాలి ఇస్తుంది."

"గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" అడిగాడు డిటెక్టివ్.

"నా దగ్గరే. ఇంకొకరి చెయ్యి పడనివ్వను," అన్నాడు పెద్దకొడుకు గర్వంగా.

డిటెక్టివ్ కంప్యూటర్ మూత విప్పి టార్చి వేశాడు. సహాయకురాలు కూడా తొంగి చూసింది. లోపలంతా దుమ్ము పేరుకుని ఉంది, చిన్న హీట్‌సింక్ రేకులు మాత్రం తళతళలాడుతున్నాయి. మూత లోపలివైపు ఏదో ఒరుసుకున్న గీత ఉంది. అడుగున బూడిదరంగు స్పాంజి తునక పడి ఉంది. పక్కనే, చప్పుడు పీల్చుకోవడానికి గోడకు అతికించిన స్పాంజి మూల చిరిగి ఉంది.

"ఈ చిన్నది ఎంత ఎత్తు?" అన్నాడాయన.

"మూతకి చాలా దూరం సార్," అంది సహాయకురాలు. అనగానే ఆమెకు విషయం తట్టింది.

డిటెక్టివ్ అందరివైపూ తిరిగాడు. "మూతకు ఒరుసుకున్నది ఎత్తయిన హీట్‌సింక్. ఈ చిన్నదానికి దుమ్ము పట్టేంత సమయమే కాలేదు, అంటే నిన్నమొన్న పెట్టిందే. పాట పాడిన రోజు లోపలున్నది పెద్దదే. మరి ఎందుకు వేడెక్కింది? దాని ఫ్యాన్ తిరగలేదు కనుక. రెక్కల మధ్య స్పాంజి ముక్క దూర్చి ఆపారు. పాట మొదలయ్యే ముందు గదిలో ప్రతి చప్పుడూ ఆపే అలవాటు ఎవరిదో ఇందాకే చూశాం. తర్వాత తప్పు కప్పిపుచ్చుకోవడానికి హీట్‌సింకే మార్చారు. తాళం ఎవరి దగ్గర ఉందో వారే చెప్పారు."

పెద్దకొడుకు ముఖం పాలిపోయింది. "నాన్న గొంతు ఒక్కటే వినపడాలనుకున్నాను. ఒక్క పాటకే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను," అన్నాడు.

"మరి నా పేరెందుకు చెప్పావు?" అన్నాడు తమ్ముడు.

సహాయకురాలికి అసహ్యం వేసింది. గెలిచిన సంతోషం ఎంత వెతుక్కున్నా దొరకలేదు. గొంతుకు కట్టుతో మూలన కూర్చున్న తండ్రి మెల్లగా లేచి చిన్నకొడుకు దగ్గరికి వచ్చాడు. రెండు చేతులతో అతని ముఖం పట్టుకుని ఏదో చెప్పబోయాడు. పెదవులు కదిలాయి. పెద్దకొడుకు ఆపిన ఫ్యాన్ ఇంకా ఆగే ఉంది. గుటక వేసినా వినిపించే ఆ గదిలో ఆయన మాట ఎవరికీ వినపడలేదు.