స్కూలు మలుపులో బేకరీ వ్యాను

బళ్లు తెరిచే రోజు కావడంతో ఆవిడ పెందలాడే లేచి పచ్చకోటు ఇస్త్రీ చేసుకుంది. ఆరేళ్లుగా స్కూలు గేటు ముందు 'ఆగు' బోర్డు ఎత్తిపట్టి పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం ఆవిడది. అందుకే అందరికీ బోర్డమ్మ. అల్లుడు అప్పటికే బేకరీ వ్యాను తీసుకుని బయల్దేరిపోయాడు.

మధ్యాహ్నం అతను భోజనానికి వచ్చేసరికి బోర్డమ్మ ముఖం కందగడ్డలా చేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. కోటు కూడా విప్పలేదు. రూలు మీరిన బండి నంబరు చీటీ మీద రాసి బడి వదిలేలోగా హెడ్మిస్ట్రెస్‌కి ఇవ్వాలి. ఆరేళ్లలో ఎంతటివాణ్ణీ వదల్లేదు. ఇవాళ్టి చీటీ మాత్రం జేబులో పెట్టుకుని దొంగలా ఇంటికొచ్చింది. అందుకు తనమీద తనకే మండిపోతోంది.

"పొద్దున స్కూలు మలుపులో ఎంత స్పీడులో పోయావు?"

"మీ చెవిలో ఎవరు ఊదారు?" చెప్పులు విడుస్తూ నవ్వాడు అల్లుడు. "సెలవులు రెండు నెలలూ ఎలా పోయానో అలాగే పోయాను అత్తయ్యా."

"సెలవులు నిన్నటితో అయిపోయాయి! ఒకటో క్లాసు పిల్ల, తనకంటే పెద్ద సంచీ మోసుకుంటూ తెల్లచారల మీద సగం దాకా వచ్చింది. రెక్క పట్టి వెనక్కి లాగకపోతే?"

"ఏమీ కాలేదుగా! గోరంతలు కొండంతలు చేస్తారేంటి?"

కూతురు వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. తల్లి కోటు జేబులోంచి తొంగిచూస్తున్న చీటీ లాక్కుని చూసింది.

"ఇది ఆయన బండి నంబరు! ఇది ఇస్తే బేకరీ ఓనరుకి తెలిసి బండి తాళాలు లాగేసుకుంటాడు. సొంత అల్లుడి నోటికాడ కూడు తీస్తావా అమ్మా?"

"పరాయివాడైతే ఈపాటికి ఇచ్చేసేదాన్నే. నీ ముఖం చూసి ఆగాను, బుద్ధిలేక! ఆ పిల్ల తల్లికి ఏం చెప్పను? మా అల్లుడి బండి, సర్దుకోమననా?"

అల్లుడికి ఒళ్లు మండింది.

"నన్ను కడిగేస్తున్నారు సరే, అప్పుడు మీరెక్కడున్నారు? రోజూ రోడ్డు మధ్యలో ఉండేది మీరేగా! మీరు కనబడితే ఆగనా? మొదటిరోజే డ్యూటీ ఎగ్గొట్టి, ఎవరో చెప్పింది విని నామీద పడతారా?"

బోర్డమ్మకి తనని చూసి కూడా లెక్కచెయ్యలేదనే పొద్దుటినుంచీ కోపం. చూడనే లేదంటే ఇంకేం మిగిలింది? మెల్లగా కోటు చెయ్యి పైకి లాగింది. మోచెయ్యి కమిలి నల్లబడి ఉంది.

"అక్కడే ఉన్నాను. ఇదే కోటు, చేతిలో బోర్డు. తగిలింది నీ బండి అద్దమే."

అల్లుడు ఆ మోచేతిని చూస్తూ కూలబడ్డాడు.

"ఆ మలుపులో తర్వాతి కొట్టు ఆర్డరు కాగితం చూసుకుంటాను అత్తయ్యా. సెలవుల్లో ఖాళీ రోడ్డు కదా, అలవాటైపోయింది. చప్పుడు విన్నాను... వెనక ట్రేలు కదిలాయనుకున్నా."

కూతురు చీటీ తల్లి చేతిలో పెట్టేసింది. ఎవరూ అన్నం ముట్టలేదు.

బడి వదిలేలోగా అత్తా అల్లుడూ స్కూలుకి వెళ్లారు. హెడ్మిస్ట్రెస్ చీటీ చదివి, "ఎవరిదమ్మా ఈ బండి?" అంది. బోర్డమ్మ నోరు తెరిచేలోగా అల్లుడు ముందుకొచ్చాడు.

"నేను నడిపేదే మేడమ్. మా అత్తయ్య ఎదురుగా నిలబడి ఉన్నా నాకు కనబడలేదు. ఇంక ఆ చిన్నపిల్ల..."

మాట పూర్తికాకుండానే భోరుమన్నాడు. పొద్దుటినుంచీ అతని చెంప పగలగొట్టాలని కాచుకున్న చెయ్యి, అంత నొప్పిలోనూ, వెళ్లి అతని భుజం పట్టుకుంది.