చెన్సా ఇంటి తాళంచెవి

శనివారం పొద్దున్న చెన్సా పిన్ని కల్చిదోన్ రాపా గదిలోకి వచ్చి, అరచెయ్యంత పొడవున్న ఇనప తాళంచెవిని ఆయన బల్ల మీద పెట్టింది. డెబ్భై దాటిన మనిషి.

"నన్ను దొంగను చేశారు నాయనా," అంది.

గోజో దీవి మొత్తానికి ప్రైవేటు డిటెక్టివ్ కల్చిదోన్ ఒక్కడే. మనుషుల మీద ఆయనకి గౌరవం అంతంత మాత్రం. సెలవులు గడపడానికి వచ్చిన మనుషుల మీద అది కూడా లేదు. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పావ్లు ఆయనకి సహాయకుడు. కల్చిదోన్ దగ్గినా అందులో ఏదో తెలివి ఉందని నమ్మే అమాయకుడు.

చెన్సా మేడ మీది గదిని వారం రోజులకి మాల్టాలోని స్లీమా నుంచి వచ్చిన జంటకి అద్దెకిచ్చింది. మాల్టా నుంచి గోజోకి పడవలో అరగంట కూడా పట్టదు. ఆ ఎడ్గర్, నదీన్‌లు మాత్రం లండన్ నుంచి దిగినట్టు ముక్కు చిట్లించుకుని తిరుగుతున్నారు. రోజుకో రేవు చూడడం, ఫొటో తీసుకోవడం, అక్కడి చేప బాగాలేదనడం, ఇదీ వాళ్ళ విహారం. నిన్న మధ్యాహ్నం నదీన్ నీలం ఉంగరం పోయిందంది. అది ఆవిడ అత్తగారు పెళ్ళిలో పెట్టినది.

"పోలీసుల్ని పిలిచారా?" కల్చిదోన్ అడిగాడు.

"లేదు. ముసలిదానివి, జాలిపడి వదిలేస్తున్నాం అన్నారు. వీధంతా చాటారు. సాయంత్రం చర్చి ఆడవాళ్ళు వచ్చి, ఆదివారం పండక్కి నీ లేసు వద్దులే అన్నారు. పదకొండేళ్ళు అల్లాను నాయనా, ఆ బలిపీఠం గుడ్డ!"

"నిన్న పొద్దున్న ఎక్కడున్నావు?"

"చర్చిలోనే. వాళ్ళు రేవుకి పోయాక ఎనిమిదిన్నరకి వెళ్ళి స్తంభాలు తోమి, పన్నెండున్నరకి ఇల్లు చేరాను. ఈ చెవి బరువుకి జేబు కుట్టు ఊడి, రెండుసార్లు పాలరాతి నేల మీద ధన్‌మని పడింది. చప్పుడు చెయ్యకే అని పక్కనే ఉన్న డొలోరి కసిరింది కూడా."

"ఇంటికి చెవి ఇదొక్కటేనా?"

"మా మావగారి కాలం నుంచీ ఇదే."

కల్చిదోన్ టోపీ పెట్టుకుని లేచాడు.

ఆ జంట రేవు ఒడ్డున హోటల్లో గొడుగు కింద కూర్చుని ఉన్నారు. నదీన్ చేతిలో దీవి గురించిన బొమ్మల పుస్తకం ఉంది.

"ఆవిడ మిమ్మల్ని పెట్టుకుందా! పాపం," అంది నదీన్.

"ఉంగరం ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వేలికే ఉంది," అన్నాడు ఎడ్గర్. "నాకు బాగా గుర్తు. దారిలో తను వేలెత్తి పక్షుల్ని చూపిస్తుంటే తళుక్కుమంది."

నదీన్ భర్తకేసి ఒక చూపు చూసి అందుకుంది. "సముద్రంలో దిగితే పోతుందని పదకొండింటికి నేనొక్కదాన్నే వెనక్కి వెళ్ళాను. తలుపుకి తాళంచెవి వేలాడుతూనే ఉంది. ఈ పల్లెటూరి వాళ్ళకి అదో సరదా కదా! తలుపు తీసుకుని పైకెళ్ళి, ఉంగరం సొరుగులో పెట్టి వచ్చేశాను. ఒంటిగంటన్నరకి చూస్తే లేదు."

"ఇంట్లో చెన్సా కనిపించిందా?"

"ఏ మూల నక్కిందో! నేను వెతకలేదు."

"తర్వాత ఈదారా?"

"ఈదడమా!" ఎడ్గర్ నవ్వాడు. "మా ఆవిడ జుట్టు తడవకుండా మెడ దాకానే దిగే రకం. నిన్న మాత్రం ఏం పూనిందో, మునుగుతూ తేలుతూ ఒకటే పని. నేను ఒక కునుకు తీసి లేచినా నీళ్ళలోనే ఉంది. రేపటి పడవలో మా అమ్మ వస్తోంది, చెబితే నమ్మదు."

నదీన్ నవ్వలేదు.

చెన్సా ఎదురింటి విస్తిన్ గుమ్మంలో వల బాగుచేసుకుంటున్నాడు.

"నిన్న పొద్దున్న చెన్సా ఇంటికి వెళ్ళావా?"

"పదకొండింటికి చేపలు పట్టుకెళ్ళా. సంచీ గుమ్మానికి తగిలించి వచ్చేశా. వీధి పిల్లులు పండగ చేసుకున్నాయి, ఆ పాపం నాదే."

"లోపల వంటింట్లో పెట్టలేకపోయావా?"

"లోపలికెలా పోతానయ్యా?" అన్నాడు విస్తిన్, ఇదేం తెలివితక్కువ ప్రశ్న అన్నట్టు చూస్తూ.

సాయంత్రం నాలుగింటికి చెన్సా ముందుగదిలో అందరూ కూర్చున్నారు. చర్చి ఆడవాళ్ళ పెద్ద డొలోరి తన ఇద్దరు నేస్తాలతో వచ్చింది. వాళ్ళు కూర్చున్న తీరు చూస్తే తీర్పు ముందే రాసుకొచ్చినట్టుంది.

"ఈ ఇంట్లో దొంగతనం జరగలేదు," అన్నాడు కల్చిదోన్. "ఉంగరం ఇంటికి తిరిగి రానేలేదు."

"అంటే నేను అబద్ధమాడానా?" నదీన్ గొంతు పెంచింది.

"అవునమ్మా. అదైనా సరిగ్గా ఆడలేదు. తలుపుకి చెవి వేలాడే బొమ్మ మీ పుస్తకంలో చూశారు. అది ఎందుకు వేలాడుతుందో కనుక్కోవడానికి మీకు ఓపిక లేకపోయింది. చెవి బయట ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టు, తోసుకుని వెళ్ళొచ్చు. మనిషి ఊళ్ళోకి వెళ్తే తాళంవేసి చెవి జేబులో వేసుకుంటుంది. పదకొండింటికి విస్తిన్ వచ్చాడు. చెవి కనిపిస్తే చేపలు వంటింట్లో పెట్టేవాడు. గుమ్మానికి తగిలించి పోయాడు."

"జాలరివాడి మాట పట్టుకుని..." అంది నదీన్.

"వద్దు, భక్తురాళ్ళ మాటే పట్టుకుందాం. డొలోరమ్మా, నిన్న పొద్దున్న చర్చిలో నేల మీద పడిందేమిటి?"

డొలోరి మొహం కందగడ్డ అయింది. "తాళంచెవి," అంది.

"చెన్సా కసుర్లు తిన్నదే ఆ చెవి గురించి. దాని చప్పుడు మీ చెవులతో విని, సాయంత్రానికి ఈమెను దొంగంటే ఊ కొట్టారు. మీ పక్కన నాలుగు గంటలు స్తంభాలు తోమిన మనిషిని ఒక్క మాట అడగలేదు."

పావ్లు ఆనందం పట్టలేక, "మరి ఉంగరం?" అన్నాడు.

"రేవు అడుగున ఉంది. జుట్టు తడవనివ్వని మనిషి అంతసేపు మునిగింది ముత్యాల కోసం కాదు. ఉంగరం నీళ్ళలో జారింది. అత్తగారు రేపు దిగుతుంది. పోగొట్టుకున్నానని చెప్పే ధైర్యం లేదు, ముసలమ్మ మెడకి చుట్టే ధైర్యం మాత్రం ఉంది. పోలీసుల్ని పిలవకపోవడం జాలి కాదు, వాళ్ళు ప్రశ్నలు వేస్తారని భయం."

నదీన్ ఏడుపు లంకించుకుంది. "ఆవిడ సంగతి మీకు తెలీదు! జీవితాంతం దెప్పుతుంది. ఈవిడకేం పోతుంది, మేం సోమవారం వెళ్ళిపోయేవాళ్ళమేగా!"

ఎడ్గర్ భార్యకేసి కాదు, తన బూట్లకేసి చూసుకున్నాడు. "అమ్మకి ఏం చెప్పాలిప్పుడు?" అన్నాడు. అతనికి పట్టింది అదొక్కటే.

"ముందు ఈమెకి చెప్పండి," అన్నాడు కల్చిదోన్.

ఇద్దరూ చెప్పలేదు. పెట్టెలు సర్దుకుని ఆరింటి పడవకి పోయారు. వాళ్ళు పోయిన వైపు విస్తిన్ కాండ్రించి ఉమ్మాడు. కల్చిదోన్ అతన్ని వారించలేదు.

ఆదివారం పొద్దున్న ఆరింటికే డొలోరి బృందం లేసు కోసం వచ్చింది. లోపల అల్లిక పుల్లల టకటక వినిపిస్తోంది. చెన్సా ఇంట్లోనే ఉంది. తలుపుకి మాత్రం చెవి లేదు.

పుట్టి బుద్ధెరిగాక ఆ తలుపు తట్టాల్సిన పని వాళ్ళకి పడలేదు. డొలోరి వేళ్ళు ముడిచి మెల్లగా తట్టింది. టకటక ఆగలేదు. మళ్ళీ తట్టింది. ఎదురుగా విస్తిన్ వల పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

వరస పూర్తయ్యాక చెన్సా లేచి తలుపు తీసింది. మడతపెట్టిన లేసు గుడ్డను గుమ్మంలోంచే వాళ్ళ చేతుల్లో పెట్టింది.

"దేవుడి కోసం ఇస్తున్నా," అంది. లోపలికి రమ్మనలేదు.